పోలిక లేని స్తోత్రము



మన యిండ్లలో సాయంకాల ప్రార్థన జరుగు తీరు నొకమారు తలచుకొనుడు. కోరికలకు పావుగంట పట్టును. కృతజ్ఞతకు కడపటి రెండు మాటలు చాలును. "నీకు స్తోత్రము" అనుచుండగనే మనసు పొయ్యిమీది యన్నమునకు పోవును. మేలు మరచుట యెంతటి దోషమో మన పెద్దలెరుగుదురు. రామాయణమున, తన కార్యము నెరవేరిన పిదప ఇచ్చిన మాటను మరచిన సుగ్రీవునితో లక్ష్మణుడు, తక్కిన పాపములకు ప్రాయశ్చిత్తము కలదు గాని కృతఘ్నతకు లేదని పలికెను. మా తండ్రిగారు చిన్ననాట మాకు చెప్పిన పాఠములలో నిది యొకటి. అయినను, మేలు తలచుకొనుటలో సైతము తప్పు దొర్లవచ్చునని మేము పెద్దయైన పిదపనే నేర్చుకొంటిమి.

2020వ సంవత్సరము అక్టోబరు నెలలో తమ్మిలేరు పొంగి ఏలూరు లోతట్టు పేటలలోనికి నీరు వచ్చెను. పెదవేగిలో మా యిల్లు మెరకమీద నుండుటచే గుమ్మమైనను తడవలేదు. మా ఆడబిడ్డ యిద్దరు పిల్లలతో, తడిసిన బట్టలతోనే ఏలూరునుండి మా యింటికి వచ్చెను. ఆ రాత్రి ప్రార్థన చేయు వంతు మాది. "ప్రభువా! ఎందరి యిండ్లో మునిగినను మా యింటిని కాపాడితివి. మా బియ్యపు బస్తాలు తడవనీయలేదు. నీకు వందనములు" అంటిమి. అందరును ఆమెన్ అనిరి, ఆమె అనలేదు. మరునాడు మాతో కూర్చుండి బియ్యము ఏరుచు మెల్లగా నడిగెను: "వదినా! మీ యిల్లు నిలుచుట దేవుని దయయైనచో, మా యిల్లు మునుగుట యెవరి కోపము?"

మాకు బదులు తోచలేదు. ఆ పగలు లూకా సువార్త తెరచితిమి. 18వ అధ్యాయమున దేవాలయములో నిలిచిన పరిసయ్యుని ప్రార్థనయు కృతజ్ఞతతోనే మొదలగును. తాను ఇతరులవంటివాడు కానందుకు, అక్కడనే నిలిచిన సుంకరివంటివాడు కానందుకు అతడు దేవునికి వందనము చెప్పెను. మా మాటలే అతని నోట విన్నట్లై సిగ్గుపడితిమి. దానికి ముందు 17వ అధ్యాయమున పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైరి. తిరిగి వచ్చి యేసు పాదములకడ సాగిలపడినవాడు ఒక్కడే, వాడును సమరయుడు. వాడు తక్కిన తొమ్మండుగురితో తన్ను పోల్చుకొనలేదు. మేలును, మేలు చేసినవానిని మాత్రమే చూచెను. పరిసయ్యుడో, తనకును పొరుగువానికిని గల యెచ్చుతగ్గులను చూచెను. భేదమంతయు నిక్కడనే యున్నది.

ప్రతి విషయమునందును కృతజ్ఞత చూపవలెనని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసెను. ఆ మాటను పట్టుకొని కొందరు దుఃఖములో నున్నవారిచే బలవంతముగా స్తోత్రము పలికింతురు. కష్టములో వందనము చెప్పుట వేరు. కష్టము వచ్చినందుకు చెప్పుట వేరు. ఫిలిప్పీ చెరసాలలో పౌలును సీలయు అర్ధరాత్రివేళ దేవుని కీర్తించిరి గాని చెరసాల మేలని యనలేదు. కీర్తనల గ్రంథములో స్తుతులతోపాటు మొరలును మెండు. మొరపెట్టనీయని యింట స్తోత్రము పెదవులమీదనే నిలిచిపోవును.

మన సంఘములలో కోతపండుగనాడు తొలిపంట కానుకలు తెచ్చుట మీరెరుగుదురు. ధాన్యము, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోళ్లు తెత్తురు. ఆరాధన ముగిసిన పిదప వానిని వేలము వేసి, వచ్చిన సొమ్మును సంఘమునకు చేర్తురు. ఈ యాచారము మాకు మిక్కిలి ప్రియము. అక్కడ కృతజ్ఞతకు చేతిలో బరువుండును.

కావున సోదరీమణులారా, ఈ నెలనుండి మూడు సంగతులు పాటించి చూడుడు. "సమస్త మేలులకును" అని ఒక్కమాటలో ముగింపక, ఆ దినమున కలిగిన ఒక్క మేలునైనను పేరుపెట్టి చెప్పుడు. అది యే మనుష్యునిద్వారా వచ్చినదో ఆ మనుష్యునికొరకును ప్రార్థింపుడు. పొరుగింటి లేమిని మీ కలిమికి కొలతగా తీసికొనకుడు; ఆ లేమి తీర్చుటకు మీ చేత నేమున్నదో చూచుకొనుడు.

ఆ రెండవ రాత్రి మేము ప్రార్థింపక, ఆడబిడ్డనే ప్రార్థింపుమంటిమి. ఆమె మునిగిన యింటిని తలచుకొని చాలసేపు ఏడ్చెను. పిదప, మొలలోతు నీటిలో తన చిన్నవానిని భుజముమీద నెక్కించుకొని దాటించిన యొక యువకుని జ్ఞాపకము చేసికొని, "అతని పేరైనను నేనడుగలేదు ప్రభువా! నీవెరుగుదువు. అతనిని చల్లగా చూడుము" అనెను.

ఆ స్తోత్రమునకు మేమందరమును ఆమెన్ అంటిమి.