పికప్ ట్రక్కుకి లెవలింగ్ కిట్: రెండేళ్లు వాడి నేనెందుకు తీసేయించాను

మామూలుగా ఇక్కడ నేను రాసేది ఫోన్లు, ఇయర్‌బడ్స్, డాష్‌క్యామ్‌ల గురించి. ఈసారి కాస్త పెద్ద గాడ్జెట్. ముందు అద్దం వెనక కెమెరా, ముందు భాగంలో రాడార్, చుట్టూ సెన్సర్లు, లోపల టాబ్లెట్ సైజు స్క్రీన్. ఈ రోజుల్లో పికప్ ట్రక్కుని గాడ్జెట్ అనకపోతే ఇంకేమంటాం?

విషయానికొస్తే, మా తోడల్లుడు పోయిన నెల ఫోర్డ్ ఎఫ్-150 కొన్నాడు. మేమిద్దరం డాలస్ చుట్టుపక్కలే ఉంటాం. కొన్న వారానికే వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు, ట్రక్కుని పక్కనుంచి తీసింది. కింద మెసేజ్: "అన్నయ్యా, ముందు వైపు కిందికి దిగిపోయినట్టు లేదూ? రెండంగుళాల లెవలింగ్ కిట్ వేయించేద్దాం అనుకుంటున్నా. మీరూ వేయించారుగా?"

వేయించాను. 2022లో. రెండేళ్లు తిరిగాక తీసేయించాను కూడా. ఆ రెండో సంగతి అతనికి తెలీదు. ఫోన్లో చెప్తే పావుగంటలో తేలే విషయం కాదని ఇలా రాస్తున్నాను. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లు మన వాళ్లలో ఇంకా చాలామందే ఉన్నారు.

ముందుగా, ఆ ముక్కు కిందికి ఎందుకు ఉంటుందో చూద్దాం. అది ఫ్యాక్టరీ వాళ్ల పొరపాటు కాదు. పికప్ అంటే వెనక బరువు వేయడానికి, ట్రైలర్ లాగడానికి పుట్టిన బండి. బరువు పడితే వెనక కమాన్ కట్టలు అణుగుతాయి, వెనక భాగం దిగుతుంది. అప్పుడు బండి సమంగా నిలవాలని ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగాన్ని కొంచెం ఎత్తులో ఉంచుతారు. దీన్నే ఇక్కడ రేక్ అంటారు. నా ట్రక్కుకి చక్రం మధ్య నుంచి కాదు, నేల నుంచి ఫెండర్ అంచు దాకా కొలిస్తే ముందు 37 అంగుళాలు, వెనక 39. అంటే తేడా రెండంగుళాలు. చాలా ఫుల్ సైజ్ పికప్‌లలో కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది.

లెవలింగ్ కిట్ చేసేది ఈ తేడాని చెరిపేయడం. ముందు భాగాన్ని ఆ రెండంగుళాలు పైకి లేపుతుంది, అంతే. చవకైన పద్ధతి స్పేసర్. ముందు స్ప్రింగ్, షాక్ కలిసున్న అసెంబ్లీ పైన ఒక గుండ్రటి దిమ్మ పెడతారు. ఆ అసెంబ్లీ కింది ఆర్మ్‌కి చక్రం కన్నా లోపలి వైపు బిగించి ఉంటుంది కాబట్టి, అంగుళం దిమ్మ పెడితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు లేస్తుంది. రెండో పద్ధతి, ఎత్తు మార్చుకునే వీలున్న షాక్‌లు. బిల్‌స్టీన్ 5100 లాంటివి. స్ప్రింగ్ కూర్చునే పీటని గాడులలో ఒక్కో మెట్టు పైకి జరుపుకోవచ్చు. ఫోర్డ్ పర్ఫార్మెన్స్ వాళ్లే ఫాక్స్ షాక్‌లతో ఎఫ్-150కి లెవలింగ్ కిట్ అమ్ముతున్నారు. షెవర్లే సిల్వరాడో ట్రైల్ బాస్ అయితే ఫ్యాక్టరీ నుంచే రెండంగుళాల లిఫ్ట్‌తో వస్తుంది. కాబట్టి ఇదేదో దొంగచాటు వ్యవహారం అనుకోకండి.

లాభాలు నిజాయితీగా చెప్పాలి. లుక్ బాగుంటుంది. బాగుంటుంది అంటే చాలా బాగుంటుంది. వేయించిన మొదటి నెల పార్కింగ్‌లో దిగి నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి. 33 అంగుళాల టైర్లు రుద్దుకోకుండా పట్టే చోటు దొరుకుతుంది. రాళ్ల దారిలో ముందు బంపర్ తగలకుండా ఎక్కడానికి కోణం మెరుగవుతుంది. మంచు పడే రాష్ట్రాల్లో ముందు స్నో ప్లౌ కట్టుకునేవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే వస్తువు. ఆ ప్లౌ బరువుకి ముక్కు దిగిపోతుంది కదా, దాన్ని సర్దడానికి. డాలస్‌లో ప్లౌతో నాకేం పని, అది వేరే సంగతి.

నేను స్పేసర్లే వేయించాను. కిట్ 90 డాలర్లు, కూలీ 350, వీల్ అలైన్‌మెంట్ 130. అలైన్‌మెంట్ మాత్రం ఎగ్గొట్టకూడదు. ముందు భాగం లేస్తే చక్రాల కోణాలు మారతాయి, అలాగే వదిలేస్తే కొత్త టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి. షాపతను అది బాగానే చేశాడు. చేయనిది ఇంకోటి ఉంది. అది అతను చెప్పలేదు, నేను అడగలేదు.

హెడ్‌లైట్లు.

ఇండియాలో కార్లు నడిపిన వాళ్లకి స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అని ఉండే చిన్న చక్రం గుర్తుండే ఉంటుంది. వెనక సీట్లో మనుషులు, డిక్కీలో సామాను ఉంటే దాన్ని తిప్పి లైట్ల వెలుగుని కిందికి దించుకోవచ్చు. ఎంతమంది వాడతారన్నది వదిలేయండి, ఉంటుంది. అమెరికాలో అమ్మే చాలా బండ్లలో అది ఉండదు. బానెట్ ఎత్తి స్క్రూ తిప్పాల్సిందే. నా ట్రక్కుకీ అంతే.

లెక్క చూడండి. నా బండి వీల్‌బేస్ 145 అంగుళాలు. ముందు రెండంగుళాలు లేపితే మొత్తం బండి ముక్కాలు డిగ్రీ పైచిలుకు వెనక్కి వాలుతుంది. ముక్కాలు డిగ్రీ వినడానికి ఏమీ అనిపించదు. కానీ 25 అడుగుల దూరంలో గోడ మీద వెలుగు అంచు 4 అంగుళాలు పైకి జరుగుతుంది. వంద అడుగుల దూరంలో పదహారున్నర అంగుళాలు. లైట్లే రెండంగుళాలు ఎత్తుకి వెళ్లాయి కాబట్టి అది అదనం. రోడ్లు డిజైన్ చేసే ఇంజనీర్లు కారు డ్రైవర్ కంటి ఎత్తుని మూడున్నర అడుగులుగా లెక్కేస్తారు. పికప్ లైట్లు మామూలుగానే ఆ ఎత్తుకి దగ్గరలో ఉంటాయి. ఇక ఆ పైకి లేచిన వెలుగు ఎక్కడికి వెళ్తుంది? ఎదురొచ్చే కారులో వాళ్ల కళ్లలోకి.

మొదట్లో నాకు అర్థం కాలేదు. ఎదుటివాళ్లు డిప్పర్ కొడుతుంటే, ఎల్‌ఈడీ లైట్లు కదా, అందరికీ ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను. ఒక రాత్రి మా ఆవిడ సెడాన్‌లో ముందు వెళ్తోంది, నేను వెనక. ఇంటికొచ్చాక దిగీ దిగగానే, "దారంతా నాకేం కనిపించలేదు. నీ లైట్లు మూడు అద్దాల్లోంచీ కొట్టాయి. వెనక సీట్లో పిల్ల ఉంది, తెలుసా?" అంది. మర్నాడు గ్యారేజ్ తలుపుకి ఎదురుగా 25 అడుగుల దూరంలో నిలబెట్టి చూస్తే గానీ బుర్రకెక్కలేదు. ఎన్ని నెలలు అలా తిరిగానో, ఎంతమందిని ఇబ్బంది పెట్టానో.

ఆ స్క్రూ తిప్పాక సమస్య తీరింది. అంటే, బండి ఖాళీగా ఉన్నంతసేపూ తీరింది.

ఆ తర్వాత ఓ స్నేహితుడు ఇల్లు మారుతుంటే హ్యూస్టన్‌కి అద్దె ట్రైలర్ లాక్కెళ్లాం. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి, లేకపోతే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. మాది 5,000 పౌండ్లు అనుకుంటే హిచ్ మీద 500 నుంచి 750. దాంతో ట్రక్కు వెనక రెండున్నర అంగుళాలు దిగింది, ముందు అర అంగుళం లేచింది. కిట్ లేకపోతే వెనకున్న ఆ రెండంగుళాల ఎత్తు ఇందులో చాలావరకు మింగేసేది, ఒక్క అంగుళం తేడాతో పోయేది. నేనేమో ఆ రెండంగుళాలని ముందే అందం కోసం ఖర్చు పెట్టేశాను. ముక్కు మూడంగుళాలు గాల్లో ఉంది.

మా ఊళ్లో ఎడ్లబండికి వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడలకి ఉరి పడేది. అందుకే బస్తాలు ముందుకి సర్దేవాళ్లు. ట్రక్కుకి మెడ లేదు గానీ ముందు టైర్లున్నాయి. వాటి మీద బరువు తగ్గితే స్టీరింగ్ తేలిపోతుంది, బ్రేకు వేసినప్పుడు ముందు పట్టు తగ్గుతుంది. ఆ రాత్రి హైవే దిగి రెండు వరసల రోడ్డెక్కాక వాన మొదలైంది. స్టీరింగ్ చేతిలో ఖాళీగా తిరుగుతున్నట్టు ఉంది. ఎదురొచ్చే ప్రతి రెండో కారూ డిప్పర్ కొడుతోంది. పక్కన కూర్చున్న స్నేహితుడు మాట్లాడటం మానేశాడు. 40 మైళ్ల మీద వెళ్లలేకపోయాను. ఏమీ జరగలేదు, కథ అంతే. కానీ కిట్ తీసేయాలన్న ఆలోచన మొదలైంది అక్కడే.

దీనికి మందు లేకపోలేదు. బరువుని ముందు ఇరుసుకి పంచే ప్రత్యేకమైన హిచ్ ఉంది, వెనక స్ప్రింగులకి సాయంగా గాలి బ్యాగులు ఉన్నాయి. అయితే చూడండి, 90 డాలర్లతో మొదలైన పని ఎక్కడికి పోతోందో. ముందు లేపడానికి డబ్బు, వెనక దిగకుండా ఉండటానికి మళ్లీ డబ్బు.

ముక్కు గాల్లో ఉండటాన్నే ఫ్యాషన్ చేసుకున్న వాళ్లూ ఉన్నారు, కరోలినా స్క్వాట్ అని. నార్త్ కరోలినాలో 2021 డిసెంబర్ 1 నుంచి దాన్ని నిషేధించారు. వెనక ఫెండర్ కన్నా ముందు ఫెండర్ 4 అంగుళాలో అంతకు మించో ఎత్తుంటే చట్టవిరుద్ధం. లెవలింగ్ కిట్ ఆ కోవలోకి రాదు. కానీ బరువేసుకున్న రోజున నా ట్రక్కు ఆ దారిలో ముప్పాతిక దూరం వెళ్లిపోయింది.

ఇక గాడ్జెట్ రివ్యూ రాసేవాడిగా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది కెమెరా, రాడార్. ఆటోమేటిక్ బ్రేకింగ్, లేన్ కీపింగ్, అడాప్టివ్ క్రూజ్ అన్నీ వాటి చూపు మీదే నడుస్తాయి. ఏ ఎత్తులో, ఏ కోణంలో బిగించారో అక్కడి నుంచే లెక్క. బండి వాలితే చూపూ వాలుతుంది. వంద మీటర్ల దూరంలో అది దాదాపు మీటరు నలభై సెంటీమీటర్ల తేడా. చిన్న తేడాని సిస్టమ్ తనే సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు కూడా. ఎర్ర లైటు వెలగనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. ఫోన్ స్క్రీన్ గార్డ్ వేసి ఫింగర్‌ప్రింట్ పనిచేయకపోతే తిట్టుకుని మళ్లీ నొక్కుతాం. బ్రేకు విషయంలో మళ్లీ నొక్కడం ఉండదు. ఎత్తు మార్చాక కెలిబ్రేషన్ చేయించి, కాగితం తీసుకోండి. చేయలేం అన్న షాపులో కిట్ వేయించకండి.

బానెట్ ఎత్తు గురించి ఎవరూ మాట్లాడరు. అమెరికాలో బండ్ల భద్రతని పరీక్షించే ఐఐహెచ్ఎస్ 2023లో ఒక అధ్యయనం బయటపెట్టింది. బానెట్ 40 అంగుళాలు దాటిన పికప్‌లు, ఎస్‌యూవీలు పాదచారుల్ని ఢీకొంటే ప్రాణం పోయే అవకాశం, 30 అంగుళాల లోపు వాలుగా ఉండే బానెట్ కార్లతో పోలిస్తే దాదాపు 45 శాతం ఎక్కువ. ఫుల్ సైజ్ పికప్ ఆ 40ని ముందే దాటేసి ఉంటుంది. దాన్ని మనం ఇంకో రెండంగుళాలు పైకి పంపిస్తున్నాం. పైగా ముక్కు లేస్తే బండి ముందు కనపడని జాగా పెరుగుతుంది. మా వీధిలో సాయంత్రం అయితే డ్రైవ్‌వేల మీద చిన్న సైకిళ్ల సందడి. ముందు కెమెరా ఉందిగా అంటారా? ఉంది, నేనూ వాడతాను. సీట్లోంచి కళ్లతో చూడగలిగితే ఇంకా మంచిది.

వారంటీ భయం మాత్రం చాలామందికి ఉన్నంత అక్కర్లేదు. మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం 1975 నుంచి ఉంది. బయటి పార్ట్ వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయడం కుదరదు. ఆ పార్ట్ వల్లే పాడైందని కంపెనీ చూపించాలి. అయితే స్పేసర్ వేశాక చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బాల్ జాయింట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే సీవీ జాయింట్లు డిజైన్ చేసిన దానికన్నా ఎక్కువ వంగుతాయి. అవే పోతే, చూపించడం వాళ్లకి కష్టమేమీ కాదు.

ఇండియాలో హైలక్స్, వి-క్రాస్ ఉన్నవాళ్లకి ఒక మాట. అక్కడ లెక్క వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పు ప్రకారం, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. యూట్యూబ్‌లో అమెరికా వీడియో చూసి గ్యారేజ్‌కి వెళ్లకండి.

మరి నా సలహా? ట్రైలర్ లాగేవాళ్లు, వెనక బరువు వేసేవాళ్లు ఆ రేక్‌ని ముట్టుకోవద్దు. అది మీరు డబ్బు పెట్టి కొన్న ఫీచరే, కనపడనంత మాత్రాన లేదని కాదు. ఎప్పుడూ ఖాళీగా ఆఫీసుకి తిరిగే బండి అయితే, అంత మనసు పడితే, అంగుళంతో ఆగండి. దిమ్మలు కాకుండా ఎత్తు మార్చుకునే షాక్‌లు వేయించుకోండి. వాటితో చక్రం కిందికి వేలాడే దూరం కొంత తగ్గి గతుకుల్లో కాస్త గట్టిగా అనిపిస్తుంది గానీ, జాయింట్లు మరీ వంగవు. బండి షాపుకి ఇచ్చే ముందు రోజు రాత్రి గోడకి 25 అడుగుల్లో నిలబెట్టి, వెలుగు అంచు దగ్గర టేపు ముక్క అతికించండి. తిరిగొచ్చాక అదే చోట నిలబెట్టి చూడండి. లైట్లు లేచిన ఎత్తు మాత్రం అదనంగా వదిలి, మిగతాది దించండి.

నాకు అంగుళం కూడా అక్కర్లేదనిపించింది. ఏడాదికి నాలుగైదుసార్లు ఎవరో ఒకరి సామానో, గుడి కార్యక్రమానికి వంట పాత్రలో మోయాల్సి వస్తూనే ఉంటుంది. తీయించడానికి కూలీ, మళ్లీ అలైన్‌మెంట్, మళ్లీ లైట్లు. దాదాపు వేయించినంత ఖర్చు. ఇప్పటికీ సిగ్నల్ దగ్గర లెవల్ చేసిన ట్రక్కు పక్కన ఆగితే ఓసారి చూస్తాను, అబద్ధం ఎందుకు.

మా తోడల్లుడికి ఇంకా అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. తను వచ్చే వేసవిలో క్యాంపింగ్ ట్రైలర్ కొంటానంటున్నాడు. ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్తున్నాం. కొలత టేపు, నాలుగు సిమెంటు బస్తాలు పట్టుకొస్తానని చెప్పాను. బస్తాలెందుకు అన్నయ్యా అన్నాడు. వెనక వేసి ఫెండర్ ఎంత దిగుతుందో నువ్వే చూద్దువుగానిలే అన్నాను.