ఇసుకలో థోరియం, నూతిలో నీరు



'రేడియోధార్మికత' అనే మాటను మన పాఠ్యపుస్తకాలలోకి తెచ్చిన మహానుభావుడెవరో గాని, ఆయనపై నాకు గౌరవమూ ఉంది, చిన్న ఫిర్యాదూ ఉంది. ధర్మమంటే ఇక్కడ స్వభావం. కాల్చడం నిప్పు ధర్మం, పల్లానికి పారడం నీటి ధర్మం. అదే రీతిని, తనంత తానుగా కిరణాలను వెలువరించడం కొన్ని మూలకాల ధర్మం. వ్యుత్పత్తి దృష్టితో వంక పెట్టడానికి వీలులేని కల్పన. కాని వ్యుత్పత్తి తెలియని సామాన్యుని చెవికి 'ధార్మికుడు' అంటే సత్రం కట్టించినవాడే. ఇక మా ఉద్దానంలో కొందరి నోట ఈ మాట మూత్రపిండాల వ్యాధికి మారుపేరుగా మారిపోతున్నది. అందుకే ఈ టపా.

మా తీరపు ఇసుకను గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. ఆ ఇసుకలో లక్షల కోట్ల రూపాయల థోరియం ఉన్నదనీ, దానిని ఎవరో తవ్వుకొనిపోతున్నారనీ ఒకటి. ఆ థోరియమే మా వాళ్ళ కిడ్నీలను తినివేస్తున్నదని రెండవది. ఒకే మూలకాన్ని ఒకరు లక్ష్మి అంటున్నారు, ఒకరు జ్యేష్ఠాదేవి అంటున్నారు. అసలది ఏమిటో చెప్పేవారు మాత్రం తక్కువ.

నార్వే దేశంలో ఒక ద్వీపంలో ఎస్మార్క్ అనే క్రైస్తవ మతాచార్యునికి ఒక నల్లని రాయి దొరికింది. ఆయన తండ్రి ఖనిజశాస్త్ర ఆచార్యుడు. ఆయన దానిని స్వీడన్‌లోని బెర్జీలియస్‌కు పంపగా, అందులో కొత్త మూలకం ఉన్నదని ఆ రసాయన శాస్త్రవేత్త గుర్తించాడు. ఇది 1828 నాటి మాట. ఉరుములకు అధిదేవతగా ఆ ఉత్తర దేశాలవారు కొలిచిన 'థోర్' పేరు దానికి పెట్టాడు. మన వైపు ఎవరైనా కనిపెట్టి ఉంటే వజ్రాయుధధారి పేరుమీద 'ఇంద్రకం' అనేవారేమో! అది కిరణాలను వెలువరిస్తుందని మేరీ క్యూరీ, ష్మిట్ విడివిడిగా తేల్చింది 1898లో. అంతకు ముందే థోరియం జనుల ఇళ్ళలోకి వచ్చేసింది. పెళ్ళి ఊరేగింపులలోను, వీధి నాటకాలలోను వెలిగిన పెట్రోమాక్సు దీపాల మాంటిల్‌ తెల్లని వెలుగు థోరియం ఆక్సైడుదే. ఇక మన దేశపు ఇసుకలో దాని జాడ తెలిసిన వైనం ఉద్దానం వారికి నచ్చుతుంది. తిరువాన్కూరు నుండి ఎగుమతి అయిన కొబ్బరి పీచుకు అంటుకొని ఉన్న ఇసుకను చూసి, 1909 ప్రాంతంలో షోంబర్గ్ అనే జర్మను రసాయనవేత్త అందులో మోనజైటు ఉన్నదని కనిపెట్టాడు. థోరియానికి ఆకరం ఆ ఖనిజమే.

మా తీరానికి అది ఎవరో తెచ్చి పోసినది కాదు. తూర్పు కనుమల శిలలు యుగయుగాలుగా శిథిలమై, వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదుల వెంట సముద్రాన్ని చేరాయి. అలలు ఆ ఇసుకను చేటతో చెరిగినట్లు చెరుగుతాయి. తేలికైన తెల్లని రేణువులు కొట్టుకొనిపోతాయి. బరువైన ఇల్మెనైటు, గార్నెట్, జిర్కాన్, మోనజైటు మిగులుతాయి. భావనపాడు రేవులో నల్లగా, ఎర్రగా చారలు కనబడేది ఇందువల్లనే. వాటిలో మోనజైటు పాలు చాలా స్వల్పం. ఆ మోనజైటులోనైనా థోరియం ఆక్సైడు నూటికి 8 నుండి 10 పాళ్ళు మాత్రమే. పైగా థోరియం తనంతట తాను ఇంధనం కాదు. న్యూట్రాన్‌ను గ్రహించి యురేనియం-233గా మారిన తరువాతనే పనికి వస్తుంది. కేవలం థోరియం మీదనే నడిచే విద్యుత్కేంద్రం మన దేశంలో ఇంతవరకు లేదు. లక్షల కోట్ల లెక్క వేసేవారు ఈ మాట చెప్పరు.

ఇక భయం సంగతి. థోరియం సగం తరగడానికి పట్టే కాలం సుమారు 1,405 కోట్ల సంవత్సరాలు. ఈ విశ్వానికి ఇప్పుడున్న వయస్సు దాదాపు 1,380 కోట్లు. ఇంత నిదానంగా ఖర్చయ్యేది ఒక్కసారిగా ఎక్కువ కిరణాలను కుమ్మరించజాలదు. (యురేనియం-238 అర్ధజీవిత కాలం 447 కోట్లు, మన పురాణాల కల్పం 432 కోట్లు. ఈ పోలికను చూసి మన పూర్వులకు అణుశాస్త్రం వచ్చునని దయచేసి ఎవరూ వ్యాఖ్య రాయవద్దు.) అయితే అది సాధువు కాదు. ఎక్సురే చిత్రాలు స్పష్టంగా రావడానికని 1930ల నుండి రోగుల రక్తంలోకి థోరియం ద్రవాన్ని ఎక్కించారు. ఏళ్ళు గడిచాక వారిలో చాలామందికి కాలేయపు క్యాన్సరు వచ్చింది. ఒంటి బయట ఉన్నప్పుడు ఒక ధర్మం, ఒంట్లో చేరితే మరొక ధర్మం. కనుక ఇసుకను తవ్వి ఖనిజాలను వేరుచేసేచోట భయపడవలసినది అక్కడి కూలీ పీల్చే ధూళిని గురించి. తిన్నెలనూ మొగలి పొదలనూ పెకలిస్తే ఏమవుతుందన్న ప్రశ్న వేరే ఉన్నది. 2018లో తిత్లీ తుపాను చూసినవారికి దానిని విడమరచి చెప్పనక్కరలేదు.

కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైటు ఎంతో ఎక్కువ. ఆ ఇసుక మీద ఇళ్ళు కట్టుకొని తరతరాలుగా జనం కాపురం ఉంటున్నారు. అక్కడ సుమారు 70 వేల మందిని 2005 వరకు గమనించి 2009లో వెల్లడించిన పరిశోధనలో, ఆ కిరణాల వలన క్యాన్సరు పెరిగినట్లు కనబడలేదు. అది మూత్రపిండాల పరిశోధన కాదు, నిజమే. కాని ఇసుకలోని థోరియమే మా వ్యాధికి మూలమైతే, అది మాకంటే ముందు ఆ తీరాన్ని పట్టుకొని ఉండవలసినది. ఉద్దానంతో పోల్చే ప్రాంతాలు శ్రీలంక ఉత్తర మధ్య మండలంలోని వరిపొలాలు, మధ్య అమెరికా చెరకు తోటలు. అవి మోనజైటు తీరాలు కావు.

అయినా ఉద్దానం వాసి భయాన్ని మూఢత్వమని కొట్టివేసే పట్టణవాసుల ధోరణి నాకు సమ్మతం కాదు. 1789లో క్లాప్రోత్ కనిపెట్టిన యురేనియం మరో భార మూలకం. దాని కథ వేరు. థోరియం నీటిలో దాదాపు కరగదు, రేణువులోనే ఉండిపోతుంది. యురేనియం భూగర్భ జలంలో కరుగుతుంది, బోరులోకి వస్తుంది. దాని కిరణాల కంటె దాని రసాయన విషం ప్రమాదకరం. ఆ విషానికి తగిలే మొదటి అంగం మూత్రపిండమే! అందుకే తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. సీసం, కాడ్మియం వంటి భారలోహాల సంగతీ ఇంతే. వాటికి కిరణాలతో పనిలేదు. 'భార మూలకం', 'భారలోహం' అనే రెండు మాటలు కలగాపులగమై, అడగవలసిన ప్రశ్న మరుగున పడింది. ఇసుక ఎంత వెలుగుతున్నదని కాదు, నూతి నీటిలో ఏమి కరిగి ఉన్నదని అడగాలి.

నీరు, ఎండలో చెమటోడ్చే పని, నొప్పి మాత్రలు, పురుగుమందులు... అనుమానాలు అనేకం. ఏ ఒక్కటీ ఇదే కారణమని తేలలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలలో రక్తమూ మూత్రమూ ఇచ్చి ఇచ్చి జనం అలసిపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుండి గొట్టాల ద్వారా మంచినీటి పథకమూ వచ్చింది. చేసిన మేలును కాదనను. కాని పరిశోధన పత్రాలన్నీ ఆంగ్లంలో ఉన్నాయి. రక్తం ఇచ్చినవాడు తెలుగువాడు.

సవరలకు చదువు చెప్పడానికి గిడుగు రామమూర్తి పంతులు ముందు తాను సవర నేర్చి, వారి భాషలోనే వాచకాలు రాశాడు. ఆయన పుట్టిన జిల్లాయే ఇది. ఆయన పడిన శ్రమలో నూరవ పాలు చాలు. ప్రతి ఊరిలో ప్రతి నూతికి, ప్రతి బోరుకు ఒక వరుస: యురేనియం ఎంత, సీసం ఎంత, కాడ్మియం ఎంత, సిలికా ఎంత, హద్దు ఎంత, పరీక్షించిన తేదీ ఏది. అది తెలుగులో, పంచాయతీ కార్యాలయం గోడ మీద, జీడితోటకు పోయే మనిషి ఆగి చదువుకొనేంత పెద్ద అక్షరాలతో ఉండాలి. రాసే చేతులు మా ప్రాంతపు బడులలో కావలసినన్ని ఉన్నాయి. అంకెలు ఇవ్వవలసినవారు ఇవ్వాలి.