పిల్లలకేం తెలుసులే!

అడెల్ ఆల్బమ్ ‘30’ 2021లో వచ్చి నెల కూడా కాకముందే జనం రెండు వర్గాలైపోయారు. “అబ్బ, ఏం పాడిందండీ!” అనేవాళ్ళు ఒకవైపు, “ఇంటి గుట్టు వీధిన పెట్టి డబ్బు చేసుకుంటోంది” అనేవాళ్ళు ఇంకోవైపు. నేను మొదటి వర్గమే. కానీ ఒక్క విషయంలో మాత్రం రెండోవాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయలేకపోతున్నాను. అక్కడికి తర్వాత వస్తాను.

తెలియనివాళ్ళ కోసం ఆవిడ సంగతి కొంచెం. 1988లో లండన్‌లోని టోటెన్‌హామ్‌లో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి వెళ్ళిపోతే తల్లి ఒక్కతే పెంచింది. పాటా ఆటా నేర్పే బ్రిట్ స్కూల్‌లో చదివి 2006లో బయటికొచ్చింది. ఆల్బమ్‌లకి తన వయసునే పేరుగా పెట్టడం ఆవిడ అలవాటు. 2008లో ‘19’, 2011లో ‘21’, 2015లో ‘25’, 2021లో ఇది. మనం గోడ మీద పెన్సిల్‌తో పిల్లల ఎత్తు గీసుకుంటామే, అలాగన్నమాట.

‘21’ అయితే మూడు కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. 2012లో ఒక్క రాత్రే ఆరు గ్రామీలు తెచ్చుకుంది. అంతకు మూడు నెలల ముందే ఆవిడ గొంతుకి ఆపరేషన్ అయింది. అదే ఏడాది అక్టోబర్‌లో కొడుకు పుట్టాడు. మర్నాటి ఏడాది ‘స్కైఫాల్’ పాటకి ఆస్కార్. ఇంత ఊపులో ఉన్న మనిషి ఏం చేయాలి? ఏడాదికో ఆల్బమ్ దించాలి కదా. ఆవిడ ఇంట్లో కూర్చుంది! దాదాపు అయిదేళ్ళ తర్వాత ‘25’ తెస్తే అమెరికాలో మొదటి వారంలోనే 33 లక్షలకు పైగా అమ్ముడైంది. మళ్ళీ ఆరేళ్ళు ఆగింది. ఉద్యోగం మానేస్తే మళ్ళీ ఎవరు తీసుకుంటారని భయపడే మన అమ్మాయిలకి ఈ లెక్క చూపించి ధైర్యం చెప్పనులెండి. అంత గొంతు, అంత డబ్బు ఎంతమందికుంటాయి?

ఇక ‘30’ దగ్గరికి వద్దాం. 2019లో భర్తతో విడిపోయింది, 2021 మొదట్లో విడాకులు ఖాయమయ్యాయి. ఆయన తాగుబోతు కాదు, కొట్టేవాడూ కాదు. విడిపోయాక కూడా అప్పట్లో ఎదురెదురు ఇళ్ళలో ఉంటూ ఇద్దరూ కలిసి పిల్లవాణ్ణి పెంచుకున్నారు. ఆవిడే కావాలని బయటికొచ్చింది. తన సంతోషం కోసం కొడుకు ప్రపంచాన్ని ఎందుకు విడగొట్టానో వాడు ఇరవైల్లోకో ముప్ఫైల్లోకో వచ్చాక ఈ పాటల ద్వారా తెలుసుకోవాలని, అందుకే ఈ ఆల్బమ్ అని పత్రికలవాళ్ళకి చెప్పింది. ఈ మాట చదివాక నేను చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయాను. భర్త చెడ్డవాడైతే మనకి జాలి తేలిగ్గా పుడుతుంది. “పాపం, ఎన్నేళ్ళు భరించిందో” అంటాం. చెడ్డవాడు కాకపోతేనే చిక్కు. “ఏం తక్కువైందని?” అన్న ప్రశ్న మొదలవుతుంది. ఆ ప్రశ్న అడిగేది కూడా ఎక్కువగా మనమే.

మూడో పాట ‘మై లిటిల్ లవ్’ పూర్తిగా కొడుకు కోసమే. మధ్యలో తల్లీ కొడుకుల మాటలు వినిపిస్తాయి, నిజంగా ఇంట్లో రికార్డు చేసుకున్నవి. అలా రికార్డు చేసుకోమని ఆవిడకి థెరపిస్టు సలహా ఇచ్చారట. అమ్మకి ఈమధ్య మనసు బాలేదని, ఏం చేస్తున్నానో తనకే అర్థం కావడం లేదని చెబుతుంది. పిల్లవాడు అడుగుతాడు, ఈవిడ జవాబు చెబుతుంది. అంతే. పాట చివర ఒంటరిగా ఏడుస్తూ ఎవరికో వదిలిన వాయిస్ మెసేజ్ ఉంటుంది. పాడటం రాని మనిషి ఏడుపులా ఉంటుంది అది.

మన ఇళ్ళల్లో ఈ సంభాషణ జరుగుతుందా? “పిల్లలకేం తెలుసులే” అన్న ఒక్క మాటతో ఎన్ని తలుపులు మూసేస్తామో! మా బంధువుల్లో ఒకమ్మాయికి తండ్రి క్యాంపుకి వెళ్ళాడని రెండేళ్ళు చెప్పారు. పండక్కి రాడు, ఫోనూ చెయ్యడు. ఏం క్యాంపు అది? ఆ పిల్ల ఎవర్నీ ఏమీ అడగలేదు. “భలే బుద్ధిమంతురాలు, ఏ గొడవా పెట్టదు” అని అందరూ మెచ్చుకున్నారు. తీరా పెద్దయ్యాక, తను అడిగితే అమ్మ ఏడుస్తుందేమోనని అడగలేదని చెప్పింది. రెండో తరగతి పిల్ల తల్లిని కాపాడుకుంది, తల్లేమో పిల్లని కాపాడుతున్నాననుకుంది. అందుకే అడెల్ “నాకే తెలియడం లేదు నాన్నా” అనడం నాకు చిన్న విషయంలా అనిపించలేదు. పెద్దవాళ్ళకి కూడా తెలియని సమయాలుంటాయని పిల్లవాడికి తెలిస్తే తప్పేం లేదు.

ఇంటి గుట్టు పాటలో పెట్టడం మనకి కొత్తేం కాదసలు. బి.ఏ.లో స్త్రీల పాటలు చదువుకున్నప్పుడు అనుకునేదాన్ని, సీతమ్మ కష్టాలు, ఊర్మిళ నిద్ర అంటూ దంచుతూ విసురుతూ పాడుకున్నవాళ్ళు ఎవరి కష్టం పాడుకున్నట్టు? పైకి పేరు సీతమ్మది, లోపల బాధ ఎవరిది వాళ్ళదే. అడెల్ ఆ ముసుగు తీసేసి తన పేరుతోనే పాడుతోంది, అంతే తేడా.

అన్నట్టు ఆవిడ సన్నబడటం గురించి ఎంత రభస! రెండేళ్ళలో సుమారు 45 కిలోలు తగ్గిందట. గుండెదడ, ఆందోళన తట్టుకోలేక వ్యాయామం మొదలుపెట్టానని ఆవిడే చెప్పింది. లావుగా ఉన్నప్పుడు “మా మనిషి” అన్నవాళ్ళే తగ్గాక “మోసం చేసింది” అన్నారు. తన ఒంటి గురించి అందరికంటే కటువుగా మాట్లాడింది ఆడవాళ్ళేనని కూడా చెప్పింది. పెళ్ళిళ్ళల్లో పలకరింపులు ఎలా ఉంటాయో తెలిసిన మనకి ఇందులో ఆశ్చర్యమేముంది?

ఇంకో మంచి పని చేసింది. స్పాటిఫైలో ఆల్బమ్ పేజీ తెరిచి ప్లే నొక్కితే పాటలు కలగాపులగంగా రాకుండా వరుసలోనే వచ్చేలా ఈవిడ అడిగి మార్పించింది. పన్నెండు పాటలకీ ఒక వరస ఉంది మరి. ఏడుపుతో మొదలై, కోపం, అలసట, మధ్యలో కాస్త సరదా, ‘హోల్డ్ ఆన్’లో స్నేహితులంతా కోరస్‌గా గొంతు కలపడం... ఆ వరస తప్పితే భారతంలో పర్వాలు కలిపేసి చదివినట్టే.

సరే, నా అభ్యంతరం. పిల్లవాడితో నిజం మాట్లాడటం మంచిదే. ఆ మాటల్ని పాటలో పెట్టి ప్రపంచానికి వినిపించడం మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ఆల్బమ్ వచ్చినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. (వాడి పేరు అందరికీ తెలిసిందే, అయినా ఇక్కడ కావాలనే రాయడం లేదు.) తల్లిని నువ్వు నన్ను ప్రేమిస్తున్నావా, లేదా అన్నంత సున్నితమైన విషయాలు మాట్లాడిన ఆ గొంతు వాడిది. పదిహేనేళ్ళప్పుడు క్లాసులో ఎవడో ఆ ముక్క మొబైల్‌లో పెట్టి నవ్వితే? ఆ కష్టం తల్లిది, చెప్పుకునే హక్కూ తల్లిదే. ఆ గొంతు మాత్రం పిల్లవాడిది. వాడు సరేనన్నా ఆ వయసులో సరే అనడానికి అర్థమేముంది? “ఆ గొంతు లేకపోతే పాటలో ఏముందమ్మా” అంటుంది మా అమ్మాయి. అదీ నిజమే, అదే నాకు ఇబ్బందిగా ఉంది. అంత బాగా అతికింది కాబట్టే తీసేయమనలేను, ఉంటే మనసొప్పదు.

వినాలనుకుంటే వరుసలోనే వినండి. ‘ఈజీ ఆన్ మీ’ పని చేసుకుంటూ కూడా వినొచ్చు. పదకొండోది ‘టు బి లవ్డ్’, ఒక్క పియానో, ఆవిడ గొంతు, ఆరున్నర నిమిషాలకు పైగా ఉంటుంది. దానికి మాత్రం పొయ్యి కట్టేసి కూర్చోండి. మూడోది ఇంట్లో పిల్లలు లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి వినండి. మా ఇంట్లో రెండోసారి పెట్టినప్పుడు మా వాడు హోంవర్క్ ఆపి, “అమ్మా, ఆ అబ్బాయి ఎవరు?” అని అడిగాడు. అన్నీ చెప్పాను.