తప్పు గాలానిది కాదు

 

ఈ నెల గోడపత్రికకి నేను ఒక కథ ఇస్తానని ఒప్పుకున్నాను. కానీ మెస్ వెనకాల విరిచి పడేసిన గాలం కర్రలు చూశాక కథ రాయబుద్ధి కాలేదు. లెక్కపెట్టాను, మొత్తం పదకొండు. అందులో ఒకటి నాది. అందుకని ఈ వ్యాసం రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

కర్రలు ఎందుకు విరిగాయో చిన్న తరగతుల వాళ్లకి పూర్తిగా తెలీదు. మొన్న ఆదివారం మనవాళ్లు కొందరు మరుగుదొడ్లు కడగడానికి తెచ్చిన బ్లీచింగు పౌడరు పట్టుకెళ్లి, కింద గెడ్డలో రాళ్ల మధ్య ఉన్న మడుగులో కలిపారు. కాసేపటికే చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలిపోయాయి. బుట్టెడు ఏరుకున్నాం. "ఏరుకున్నాం" అని ఎందుకు రాశానంటే, నేనూ ఏరాను. పౌడరు కలిపింది నేను కాదు. కానీ వద్దురా అని నోరు విప్పి అననూ లేదు. ఆ రాత్రి చేపలు కాల్చుకుని తిన్నప్పుడు నా వాటా నేను తిన్నాను.

మర్నాడు పొద్దున్నే కింది ఊరి నుంచి ఒక అవ్వ వచ్చింది. వాళ్లు గెడ్డ పక్క ఇసుకలో చెలమ తీసుకుని ఆ నీళ్లే తాగుతారు. "ఏం బాబూ, చేపలు మీరు తిన్నారు, నీళ్లు మాకేవీ?" అని అడిగింది. ఎవరమూ జవాబు చెప్పలేదు. సార్ తల దించుకున్నారు. మమ్మల్ని కొట్టినా నాకు అంత బాధ ఉండేది కాదు. సాయంత్రానికి కర్రలన్నీ విరిగాయి, ఇక మీదట గెడ్డ వైపు ఎవరూ వెళ్లకూడదని ఆర్డరు వచ్చింది.

సార్ కోపం న్యాయమే. అయినా నా అభిప్రాయం ఒకటి ఉంది. శిక్ష పడాల్సింది బ్లీచింగుకి, పడింది గాలానికి. ఈ రెండూ ఒకటి కావు.

గాలంతో పట్టేవాడికి ఏం కావాలి? ఒక వెదురు కర్ర, రెండు బారల తంగూసు, ఒక బెండు ముక్క, చిన్న కొక్కెం, ఎరకి ఒక వానపాము. ఎండలు ముదిరి నేల గట్టిపడితే వానపాములు దొరకవు. అప్పుడు మా తాత ఉత్తుత్తి ఎర కట్టేవాడు. కొక్కేనికి ఎర్ర దారం చుట్టి, కోడిపుంజు మెడ ఈక ఒకటి దానికి ముడి వేస్తే అంతే. దాన్ని నీటి మీద పడేసి మణికట్టుతో చిన్నగా కదిలిస్తే పురుగనుకుని పరిగె వచ్చి పట్టుకుంటుంది. ఇది మా తాత కనిపెట్టిన విద్య అనుకునేవాణ్ణి. సైన్సు మాష్టారు చెప్పారు, సుమారు 1800 ఏళ్ల కిందట ఈలియన్ అనే రచయిత గ్రీకు భాషలో ఇదే సంగతి రాశాడట. మాసిడోనియా దేశంలో ఒక నది ఒడ్డున జనం కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, రెండు కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారట. ఆయనకి అరకు తెలీదు, మా తాతకి ఆయన తెలీదు. చేప సంగతి మాత్రం ఇద్దరికీ తెలుసు.

ఒడ్డు మీద నుంచి పట్టడానికీ ఒక పద్ధతి ఉంది. మన నీడ నీళ్ల మీద పడితే చేప పారిపోతుంది. అందుకే కొంచెం వెనక్కి, వంగి నిలబడాలి. పారే నీటి నడిమధ్యలో వెయ్యకూడదు. పెద్ద రాయి వెనక నీళ్లు నెమ్మదిగా తిరిగే చోట చేప ఒళ్లు అలవకుండా నిలబడి, కొట్టుకొచ్చే పురుగు కోసం కాచుకుని ఉంటుంది. ఎరను పైనుంచి వదిలి ఆ రాయి పక్కకి కొట్టుకుపోనివ్వాలి. ఆ తర్వాత ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం. మన క్లాసులో కుదురుగా కూర్చోలేని వాళ్లు కూడా గాలం పట్టుకుంటే గంటసేపు మాట్లాడకుండా కూర్చుంటారు. ఆరో తరగతిలో చేరిన కొత్తలో, ఆదివారం అందరికీ అమ్మానాన్నలు వచ్చి నాకు రానప్పుడు, నేను వెళ్లి కూర్చున్నది ఆ గెడ్డ ఒడ్డునే. చేప పడిన రోజూ ఉంది, పడని రోజూ ఉంది. ఏడుపు మాత్రం తగ్గేది.

అసలు తేడా ఇక్కడుంది. గాలానికి ఒకసారి ఒక్క చేపే పడుతుంది. పిల్ల పడితే వదిలేయొచ్చు. వదిలేటప్పుడు చెయ్యి తడి చేసుకుని పట్టుకోవాలి, పొడి చేత్తో పడితే దాని ఒంటి మీది జిగురు పోయి రోగం వస్తుంది. కొక్కెం ముల్లుని కటింగు ప్లయరుతో నొక్కేస్తే నోరు చిరగకుండా తేలిగ్గా ఊడి వస్తుంది. బ్లీచింగుకి పిల్లా పెద్దా తేడా లేదు. నీళ్లలో కలిస్తే క్లోరిన్ విడుదలై మొప్పలు పాడవుతాయి. చేపతో పాటు గుడ్లు, రొయ్య పిల్లలు, ఎండ్రకాయలు, చేపలు తినే పురుగులు అన్నీ పోతాయి. మనం ఏరుకున్నది బుట్టెడే. ఏరకుండా రాళ్ల సందుల్లో వదిలేసింది ఎంతో మనలో ఎవరైనా లెక్క చెప్పగలరా?

"పూర్వం మన పెద్దలు మడుగుల్లో మంగకాయ దంచి వెయ్యలేదేటి?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. వేశారు, మా తాతే చెప్పాడు. కానీ ఎండాకాలం పారుదల ఆగిపోయిన మడుగులో, ఊరంతా కూడి, ముందు నీళ్లు తెచ్చుకుని, పట్టినవి ఇంటింటికీ పంచుకునేవారట. మనం దొంగతనంగా వెళ్లి, పారే నీళ్లలో, కింద తాగేవాళ్లున్నారని తెలిసీ కలిపాం. పైగా పెద్దలు చేసిందల్లా ఇప్పుడూ చెయ్యాలని లేదు. గెడ్డలో ఇప్పుడు అప్పటి నీళ్లు లేవు, అప్పటి చేపలూ లేవు.

నీళ్లలో విషం కలిపి గానీ, మందుగుండు పేల్చి గానీ చేపల్ని చంపడం నేరమని 1897లోనే చట్టం చేశారు. అదే 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటంటారా? మన కొండల్లో మలేరియా మోసే దోమల్లో ఒక రకం, మెల్లగా పారే గెడ్డల అంచుల్లోనే గుడ్లు పెడుతుంది. ఆ దోమ పిల్లల్ని తినేది ఈ చిన్న చేపలే. చేపల్ని చంపి రాత్రి దోమతెర కట్టుకోవడం ఏం తెలివి?

చట్టం లేకుండానే చేపల్ని కాపాడుకున్న చోటు మన దగ్గరలోనే ఉంది. హుకుంపేట మండలం మఠం దగ్గర మత్స్యగుండం. మాచ్‌ఖండ్ నది అక్కడ రాళ్ల కింద దూరి మాయమై, కొంత దూరంలో మళ్లీ పైకి వచ్చి మడుగు కడుతుంది. 1907లో ఫ్రాన్సిస్ అనే దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో, ఆ మడుగు నిండా మహసీర్ చేపలున్నాయనీ, పెద్దవి మనుషుల చేతిలో మేత తినేవనీ, వీపు నిమిరినా ఊరుకునేవనీ ఉంది. చేపను పూజించే మాడుగుల జమీందార్ల అండ వాటికి ఉండేదట. ఒక బ్రింజారీ అక్కడి చేపను పట్టి కూర వండుకుని, ఎద్దులతో సహా రాయి అయిపోయాడని కథ కూడా అందులో ఉంది. అక్కడ పూజారి భగత కులస్తుడనీ, శివరాత్రికి చేపలకి మేత వేస్తారనీ రాశారు. శివరాత్రి జాతర ఇప్పటికీ జరుగుతోంది. మనిషి రాయి అవుతాడని నేను నమ్మను. అయితే ఒక మడుగుని ముట్టుకోకూడదని ఊరంతా అనుకుంటే చేప బతుకుతుందని మాత్రం నమ్ముతాను.

కావున సార్‌కి నా మనవి. సార్ భయం బ్లీచింగు ఒక్కటే కాదని తెలుసు, ఎవరైనా జారి పడతారని కూడా. అది నిజమే. ఇక్కడ ఎండ కాస్తున్నా పై కొండ మీద వాన పడితే గెడ్డ ఒక్కసారిగా పొంగుతుంది. అందుకే నియమాలు పెట్టండి. ఆదివారం సాయంత్రం రెండు గంటలే, అదీ అడిగి వెళ్లాలి. ఒంటరిగా వెళ్లకూడదు, ఆరు, ఏడు తరగతుల వాళ్లతో పెద్దవాళ్లు ఉండాలి. ఒడ్డు మీద నుంచే గాలం, నీళ్లలో కాలు పెట్టకూడదు. నీళ్లు ఎర్రబడితే లేచి వచ్చేయాలి. వానలు పడగానే చేపలు గుడ్లు పెట్టడానికి పైకి ఎక్కుతాయి, ఆ నెలల్లో గాలం అసలు వద్దు. అరచేయంత లేని చేపను వదిలేయాలి. బ్లీచింగు గది తాళం సార్ దగ్గరే ఉండాలి. ఎవరు తప్పినా ఆ ఒక్కడి కర్రే కాదు, అందరి కర్రలూ విరిచేయండి. అప్పుడు మేమే ఒకరినొకరు కాపలా కాస్తాం.

మిత్రులకి కూడా ఒక మాట. అవ్వ అడిగినదానికి మనం ఇంకా జవాబు చెప్పలేదు. వచ్చే ఆదివారం సార్ పర్మిషన్ ఇస్తే నేను పార పట్టుకుని కింది ఊరికి వెళ్తాను. పాత చెలమ పూడ్చి, వాళ్లు చూపించిన చోట కొత్తది తవ్వి, క్షమించమని అడుగుతాను. చేపలు తిన్నవాళ్లు నాతో రండి. పేర్లు నేను రాయను, ఎవరి సంగతి వాళ్లకి తెలుసు.

ఇంకొకటి. మనం పాడుచేసిన ఆ మడుగులో, మేం పదో తరగతి పాసై వెళ్లేదాకా ఎవరూ గాలం కూడా వెయ్యొద్దు. సార్ కర్రలు తిరిగి ఇవ్వకపోయినా సరే, ఈ మాట మీద మాత్రం నేనుంటాను. ఎప్పుడో ఒకరోజు ఆ రాయి వెనక మళ్లీ ఒక పరిగె మెరిస్తే ముందు చూసినవాళ్లు నాకు చెప్పండి.

ఇట్లు
పదకొండు కర్రల్లో ఒకదాని సొంతదారు,
9వ తరగతి