ఓడలతో మునిగినవాళ్ళకు పేర్లు లేవా?

"మా తాత రంగం ఎల్లేడు. మరి రాలేదు."

శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా సముద్రం పొడుగునా ఏ మాలపల్లెలో కూచున్నా, ఏ మాదిగపల్లెలో కూచున్నా ఈ మాట వినపడుతుంది. రంగం అంటే రంగూన్. ఎలా పోయాడు? జ్వరమొచ్చా, బాంబు పడా, అడవిదారిలో నడవలేకనా, ఓడ మునిగా? తెలీదు. ఏ ఏడు? "జపానోడు బాంబులేసిన ఏడు." అంతే. పెద్దలకు పెట్టుకుందామంటే తేదీ కూడా తెలీని చావులివి.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు ఎత్తుకున్నామంటే, ఆనాడు పదేళ్ళున్న పిల్లలు ఈనాడు తొంభై దాటిన ముసలివాళ్ళు. వాళ్ళు కన్నుమూస్తే అడగడానికి మనిషి మిగలడు. జమిందారు గుర్రం పేరు కూడా రాసిపెట్టిన ఈ దేశ చరిత్రలో మనవాళ్ళ పేరు ఎవరో రాసి ఉంటారనుకోవడం వెర్రితనం.

ముందు ఆ ఏడు ఏం జరిగిందో చెప్పుకుందాం. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ ఊళ్ళో రేవు కూలీలు, బియ్యం మిల్లు కూలీలు ఎక్కువగా తెలుగువాళ్ళే. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవాళ్ళు. వీధులూడ్చింది, పాకీపని చేసింది మన దళితులు. దొరల కుటుంబాలు ఓడల్లో కేబిన్లలో తరలిపోయాయి. డెక్కు టికెట్టు కొనుక్కునే కూలీ మగవాళ్ళ మీద మాత్రం ఆంక్షలు పెట్టారు. వాళ్ళు పోతే రేవు ఆగుతుంది, ఊరు కంపు కొడుతుంది! ప్రాణభయంలో కూడా మన చేతిలో చీపురు దించనివ్వలేదన్నమాట. లక్షల మంది అరకాను దారినా, అస్సాం దారినా నడిచారు. వేలల్లో దారిలోనే రాలిపోయారు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ రెండు మూడు రోజుల్లోనే జపాన్ యుద్ధనౌకలు బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక ఓడల్ని ముంచేశాయి. బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు 'మాల్డా', 'ఇండోరా' అలా ఒరిస్సా తీరం దగ్గర పోయినవే.

ఆ ఓడల్ని నడిపింది ఎవరు? పైన టోపీ పెట్టుకున్న కెప్టెన్ దొర. కింద బొగ్గు వేసేది, తాళ్ళు లాగేది, వంట చేసేది మన దేశపు కళాసీలు. ఇంగ్లీషువాళ్ళు లాస్కర్లు అన్నారు. యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ వర్తక నౌకల్లో దాదాపు 50,000 మంది ఉన్నారు. ఎక్కువ మంది సిల్హెట్, నోవాఖాలి, చిట్టగాంగ్, కొంకణం, గోవా, పంజాబు పేదలు. తెల్ల నావికుడికి పడుకోడానికి 72 ఘనపుటడుగుల జాగా ఇవ్వాలని చట్టం చెబితే, కళాసీకి 36 చాలంది. 1906లో తెల్లవాడికి 120 చేశారు, కళాసీని అక్కడే ఉంచారు. జీతం తెల్లవాడి జీతంలో నాలుగో వంతు కూడా ఉండేది కాదు. 1939లో యుద్ధం రాగానే ఆ కళాసీలే బ్రిటన్ రేవుల్లో సమ్మె కట్టారు. వందల మంది జైళ్ళకు పోయారు, జీతం పెంచుకున్నారు. ఈ పోరాటం ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రాలు రాసుకున్నారు. కులం మాత్రం ఓడెక్కి సముద్రం దాటింది. ఓడ మీద అందరికంటే కింది పని మరుగుదొడ్లు కడగడం, డెక్కు ఊడవడం. ఆ పని చేసేవాణ్ణి 'తోపాస్' అనేవాళ్ళు. ఆ పనికి తీసుకున్నది అంటరాని కులాలవాళ్ళనే. అందరికంటే తక్కువ జీతం వాళ్ళదే. టార్పెడో కులం చూడదు, నిజమే. కానీ చచ్చాక రాసే పుస్తకం చూస్తుంది.

ఎలాగంటే, లండన్‌లో టవర్ హిల్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం పాలైన వర్తక నావికులు దాదాపు 24,000 మంది పేర్లు కంచు పలకల మీద అందరికీ కనపడేలా పెట్టారు. మన దేశపు వర్తక నావికులు ఆరు వేల మంది దాకా పోయారు. వాళ్ళ పేర్లు ముంబైలో ఇండియన్ సెయిలర్స్ హోంలో ఒక పుస్తకంలో ఉన్నాయి. అలాంటిదే ఇంకోటి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఉంది. వాళ్ళకి బహిరంగ గోడ, మనకి పుస్తకం! కలకత్తాలో 1924లో కట్టిన లాస్కర్ స్మారకం మొదటి యుద్ధంలో పోయిన 896 మంది కోసం. ఇక డెక్కు కూలీ సంగతి? ఆయన సైనికుడూ కాదు, నావికుడూ కాదు. నావికుల పుస్తకంలో ఆయనకు చోటే లేదు.

వెతికితే దొరుకుతుందా అంటారా? 'తిలావా' సంగతి చూడండి. 1942 నవంబరులో బొంబాయి నుంచి ఆఫ్రికా పోతున్న ఓడ. 732 మంది ప్రయాణికులు, 222 మంది సిబ్బంది. నవంబరు 23న నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామి ముంచేసింది. 280 మంది పోయారు, 678 మందిని కాపాడారు. ప్రయాణికుల్లో ఎక్కువ మంది గుజరాతీలు. వాళ్ళ పిల్లలూ మనవళ్ళూ ఒకళ్ళనొకళ్ళు వెతుక్కున్నారు, పేర్లు కూడబెట్టారు, సరిగ్గా 80 ఏళ్ళకు 2022 నవంబరు 23న ముంబైలో కూడి తమవాళ్ళని తలుచుకున్నారు. ఏ సర్కారూ పిలిచి చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళు చేసుకున్నారు. వాళ్ళని మేం మెచ్చుకుంటున్నాం. ఆ పని మనమూ చెయ్యాలి.

మన దగ్గర కాయితాలు లేవు, నిజమే. మాట ఉంది. మొదలు మాటతోనే పెట్టాలి. ప్రతి పల్లెలో ఒక నోటుబుక్కు తెరవండి. పోయినాయన పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ రేవులో ఓడెక్కాడు, ఏం పని, ఆఖరి ఉత్తరమో కబురో ఎప్పుడు వచ్చింది, కూడా పోయి తిరిగొచ్చినవాళ్ళెవరు - ఇవి రాయండి. అటకమీద పాత ట్రంకుపెట్టె ఉంటే దించండి. మనియార్డరు రసీదు, డిశ్చార్జి పుస్తకం, ఓడ టికెట్టు ముక్క, ఏదీ పారెయ్యొద్దు.

కళాసీగా పోయినవాళ్ళ పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. వాడలో కాలేజీకి పోయే పిల్లల చేత సెల్‌ఫోన్లో వెతికించండి. ఒక్క జాగ్రత్త. మనం 'పోలయ్య' అని వెతికితే దొరక్కపోవచ్చు. ఆనాటి గుమాస్తా మనవాణ్ణి అయ్యా గియ్యా అని రాస్తాడా? 'పోలిగాడు' అనో 'పోలి' అనో రాసి ఉంటాడు, అదీ ఇంగ్లీషులో తన ఇష్టమొచ్చినట్టు. అందుకని పేరు కంటే ముందు ఓడ పేరు, తేదీ పట్టుకుని వెతకాలి. ఓడ దొరికితే దాని సిబ్బంది పేర్లన్నీ ఒక్కొక్కటే చదవాలి.

కొందరు మిత్రులు అడుగుతున్నారు, తెల్లవాడి యుద్ధంలో పోయినవాళ్ళ గురించి మనకెందుకని. వాళ్ళు రాజు కోసం పోలేదు. ఊళ్ళో పాలేరుతనం భరించలేక, గింజల్లేక పోయారు. ఓడెక్కించింది కులమూ ఆకలీ. ఆ లెక్క ఊళ్ళోనే తేలాలి.

ఎనభై ఏళ్ళు దాటాక లాభమేమిటని ఇంకొందరు. లాభం ఉంది. రాని భర్త కోసం తాళి తియ్యాలో ఉంచాలో తెలీక బతికిన ఆడవాళ్ళు మన అమ్మమ్మలు. ఆమె ఎదురుచూపుకు ఒక తేదీ దొరకడం చిన్న సంగతా?

ప్రభుత్వాన్ని మేం మూడు అడుగుతున్నాం. ముంబై పుస్తకానికీ లండన్‌లో ఉన్న ఓడ సిబ్బంది జాబితాలకూ నకళ్ళు తెప్పించి జిల్లా గ్రంథాలయాల్లో పెట్టాలి. రంగం నుంచి రానివాళ్ళ పేర్లు పల్లెపల్లెకూ పోయి రాయించాలి. విశాఖలో, కాకినాడలో రేవు దగ్గర ఆ పేర్లతో రాయి నిలబెట్టాలి.

వాళ్ళు చేసేదాకా మనం ఆగొద్దు. సంఘం కార్యకర్తలు వచ్చే పక్షంలో తమ ఊళ్ళో ఒక్క ముసలామె దగ్గరైనా కూచోవాలి. ఆమె చెప్పిన పేరు చెప్పినట్టే రాసుకోవాలి. రాసి మాకు పంపండి. వచ్చిన ప్రతి పేరూ ఈ పేజీల్లో వేస్తాం, గౌరవంగా, 'గారు' చేర్చి.

జై భీమ్.