అడవి దాకా వెళ్లని వార్త

షాలిమార్‌లో రైలెక్కితే ఖరగ్‌పూర్ దగ్గర దారులు చీలుతాయి. ఒకటి బాలాసోర్ మీదుగా ఆంధ్ర తీరానికి వస్తుంది. మరొకటి ఝార్‌గ్రామ్ మీదుగా జంగల్‌మహల్‌లోకి వెళుతుంది. 1967లో నక్సల్బరీలో రాజుకుని శ్రీకాకుళానికి పాకిన సాయుధ పోరాటం, నాలుగు దశాబ్దాల తర్వాత పెద్దపల్లికి చెందిన మల్లోజుల కోటేశ్వరరావు రూపంలో మళ్లీ బెంగాల్‌లో కనిపించింది. కిషన్‌జీగా కెమెరాకు వీపు చూపి మాట్లాడిన ఆయన 2011 నవంబరు 24న జంగల్‌మహల్ అడవుల్లో మరణించారు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు; బూటకమన్నాయి హక్కుల సంఘాలు. అర్ధశతాబ్దం దాటిన ఈ యుద్ధంలో తెలుగు పాఠకుడికి తెలిసినదెంత? అందులో విలేకరి కళ్లారా చూసినదెంత?

అడవిలో కాల్పులు జరిగిన రోజున మొదట వచ్చేది పోలీసు ప్రకటన. కొన్నాళ్లకు మావోయిస్టుల లేఖ వస్తుంది. ఈ రెండు కాగితాల మధ్యే మన పత్రికలు యుద్ధాన్ని నివేదిస్తున్నాయి. ఘటనాస్థలానికి ఏ విలేకరీ చేరకముందే ‘ఎదురుకాల్పులు’ అన్న మాట పతాక శీర్షికకెక్కుతుంది. అది వార్త కాదు, ఒక పక్షం వాదన.

ఆ తొందరపాటు ఖరీదు బీజాపూర్ జిల్లా సార్కేగూడకు తెలుసు. 2012 జూన్ 28 రాత్రి అక్కడ 17 మంది మరణించారు. వారు మావోయిస్టులని ప్రభుత్వం ప్రకటించింది. అందుకు ఆధారాల్లేవని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చిన సంగతి బయటపడేసరికి 2019 వచ్చింది. ఊరివాళ్లు మొదటి రోజే చెప్పిన మాట అధికారిక పత్రంలోకి ఎక్కడానికి ఏడేళ్లు పట్టింది.

ఊరివాళ్ల మాట వినడానికి వెళ్లేది ఢిల్లీ పాత్రికేయుడు కాదు, అక్కడి కంట్రిబ్యూటరే. అతడిని రెండు పక్షాలూ అనుమానిస్తాయి. బాసగూడకు చెందిన సాయిరెడ్డి మావోయిస్టులకు సహకరించారన్న ఆరోపణపై ఛత్తీస్‌గఢ్ ప్రజాభద్రతా చట్టం కింద జైలుకు వెళ్లారు. 2013 డిసెంబరులో ఆయనను చంపింది మావోయిస్టులే. 2021లో మావోయిస్టుల చెర నుంచి సీఆర్‌పీఎఫ్ జవాను విడుదలకు తోడ్పడిన స్థానిక పాత్రికేయుల్లో ముకేశ్ చంద్రాకర్ ఒకరు. 2025 జనవరి 3న ఆయన మృతదేహం బీజాపూర్‌లో ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. అంతకుముందే ఆయన రోడ్డు పనుల్లో అవినీతిని బయటపెట్టారు. ప్రధాన నిందితుడు పట్టుబడింది మన హైదరాబాద్‌లోనే. పాత్రికేయుల రక్షణకు ఛత్తీస్‌గఢ్ శాసనసభ బిల్లును ఆమోదించి అప్పటికి రెండేళ్లయినా నిండలేదు.

గాలింపు సాగుతున్నచోటికి విలేకరులను రానిస్తే అందరి ప్రాణాలకూ ముప్పన్న వాదన ఉంది. కాల్పులు జరుగుతున్నంతసేపు అది సమంజసమే. కాల్పులు ఆగిన మర్నాడు, వారం తర్వాత, నెల తర్వాత కూడా ఆ దారి మూసి ఉంటే దానికి భద్రత అన్న పేరు చెల్లదు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి మావోయిస్టులు చంపిన ఆదివాసీ గురించి కూడా ఆ ఊరికి వెళ్లి అడగాల్సిందే. వాళ్ల లేఖ కూడా సాక్ష్యం కాదు, వాదనే.

2026 మార్చి 31 నాటికి నక్సలిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. గెలుపు ప్రకటన ఏ తేదీన వచ్చినా, చనిపోయినవారెవరు, ఎలా చనిపోయారు అన్న ప్రశ్నలు ఆ తేదీతో ముగియవు. కాబట్టి మన పత్రికలు చేయగల పనులు రెండున్నాయి. స్వయంగా నిర్ధారించుకోని ఘటనకు శీర్షికలోనే ‘పోలీసుల కథనం’, ‘మావోయిస్టుల కథనం’ అని రాయడం మొదటిది. ప్రాణాలకు తెగించి ఊరిదాకా వెళ్లే కంట్రిబ్యూటరుకు జీతం, బీమా, వార్త మీద పేరు ఇవ్వడం రెండోది. దీనికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. యాజమాన్యాలు తలచుకుంటే రేపటి సంచికతోనే మొదలుపెట్టవచ్చు.