ఒకటే జత... ఎన్ని రకాల నేలలు!

కంబదూరులో ఒక మామూలు రోజున మనిషి ఎన్ని రకాల నేలలు తొక్కుతాడో ఎప్పుడైనా లెక్కేశారా? ఇంటి నుంచి బస్సు ఆగే చోటిదాకా సిమెంటు రోడ్డు. అక్కణ్నుంచి చేనికి మట్టిబాట. చేలో ఎర్రనేల, దాన్నిండా రాళ్లు. గట్టు దాటితే కంపచెట్లు. వంకలోకి దిగితే ఇసుక. ముంగారు వాన ఒక్కటి పడితే ఆ మట్టిబాటే జారుడుబండ. ఏప్రిల్ మధ్యాహ్నం అదే బాట కాలే పెనం. ఇన్నింటికీ కాళ్లకు ఉండేది మాత్రం ఒక్క జత చెప్పులు. ఈ ప్రాంతంలో చాలామంది పెద్దలు నేటికీ 'మెట్లు' అంటారు వాటిని.

పెళ్లికి చీర కొనడానికి నాలుగు షాపులు తిరుగుతాం. ఫోను కొనేముందు పదిమందిని అడుగుతాం. రోజూ పదిగంటలు మోసే చెప్పుల్ని మాత్రం సంతలో నిలబడి రెండు నిమిషాల్లో కొనేస్తాం. రంగు బాగుందా, ధర తక్కువా... అంతే!

మంచుకొండల్లోనూ ఇదే తంటా

కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లోనూ, ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనూ మంచు మీద స్కీయింగ్ చేస్తుంటారు. బూట్లకు పొడవాటి పలకలు బిగించుకుని జర్రున జారిపోతుంటారు కదా, వాళ్లకీ ఇదే తలనొప్పి. మంచంతా ఒకటి కాదు. గట్టిగా బిగుసుకున్న మంచు ఒకటి, రాత్రి కురిసిన పొడిపొడి మంచు ఒకటి, ఎండకు కరిగి ముద్దగా మారింది ఇంకొకటి. గట్టి మంచు మీద మలుపు తిరగాలంటే పలక నడుము సన్నగా, 80 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటే మేలు. పొడి మంచులో కూరుకుపోకుండా తేలాలంటే 110 మిల్లీమీటర్లో, ఇంకా పైనో ఉండాలి. ఒకే జతతో అన్నిచోట్లా నెట్టుకు రావాలనుకునేవాళ్లు మధ్యలో, 85-100 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతారు. ఆ జత అన్నిట్లోనూ ఫర్వాలేదనిపిస్తుంది, దేంట్లోనూ మొనగాడు కాదు. అందుకే కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: నేను ఎక్కువ రోజులు తిరిగేది ఏ మంచు మీద?

మన దగ్గర మంచు లేకపోయినా ప్రశ్న అదే. తేడా అల్లా ఒకటుంది. అక్కడ పలక కుదరకపోతే అద్దెకు ఇంకో జత దొరుకుతుంది. ఇక్కడ చెప్పు కుదరకపోతే ముల్లు దిగి వారం రోజుల కూలి పోతుంది. ఒక్కోసారి కాలే పోతుంది. అందుకని మన ప్రశ్నను కాస్త మార్చుకోవాలి. ఎక్కువ నడిచే నేల ఏది అని కాదు, ఎక్కువ దెబ్బతీసే నేల ఏది అని అడగాలి.

దేని సంగతి ఏమిటి?

హవాయి చెప్పులు: తేలిక, చవక, కడిగితే శుభ్రం. ఇంట్లో, వాకిట్లో, అంగడిదాకా వీటికి సాటి లేదు. కానీ మెత్తని అట్ట కంపముల్లును ఆపలేదు. సర్కారు తుమ్మగా మనకు తెలిసిన ఆ చెట్టు ఈ నేలది కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన దాన్ని 1870ల్లో కడప జిల్లాలో నాటారు. ఇప్పుడు వంకల్నీ, చెరువు కట్టల్నీ అదే ఏలుతోంది. దాని ముల్లు సైకిలు టైరునే వదలదు, హవాయిని వదులుతుందా! పైగా మడమ వెనక పట్టీ ఉండదు. బురదలో కాలు వస్తుంది, చెప్పు రాదు.

టైరు చెప్పులు: కరువునేలలో కాపరులకూ రైతులకూ ఎన్నో ఏళ్లు అండగా నిలిచినవి. ముల్లు దిగదు, రాయి గుచ్చదు, అరగడానికి ఏళ్లు పడుతుంది. బరువెక్కువ, పాదంతోపాటు వంగవు, అదే ఇబ్బంది. కొనేటప్పుడు మేకుల తలలు పైకి తేలాయేమో వేలితో తడిమి చూడండి. పాత నైలాను టైరు అయితే చక్కగా కోతకొస్తుంది. స్టీలు తీగలున్న రేడియల్ టైరుతో చేసిందైతే అంచుల్లో తీగ ముక్కలు పొడుచుకొస్తాయి.

తోలు చెప్పులు: తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లలో పదునెక్కిన తోలు, బొటనవేలు దూర్చుకునే ఉంగటం, మనిషి పాదాన్ని కొలిచి కుట్టిన అట్ట. ఎండకు వీటంత హాయి మరొకటి లేదు. ఆ చెప్పులు కుట్టిన చేతులనే, పెద్దల వీధిలో చెప్పులు విప్పి పట్టుకోమన్న రోజులూ ఈ ఊళ్లు చూశాయి. తోలుకు వాన పడదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండబెడితే బిర్రబిగుస్తుంది. నీడన ఆరబెట్టి కాస్త ఆముదం రాస్తే మళ్లీ దారికొస్తుంది.

వెనక పట్టీ ఉన్న శాండల్స్: గట్టి రబ్బరు అడుగు, పైన మెత్తని పొర, మడమను పట్టుకునే పట్టీ. రోజువారీ ఒక్క జతే కొనాలంటే చాలామందికి నప్పేది ఇదే. నురగలా తేలిగ్గా ఉండే పీయూ అడుగు అయితే జాగ్రత్త. పండక్కని దాచిపెట్టినా కొన్నేళ్లకు దానంతట అదే పొడిపొడిగా రాలిపోతుంది.

కొనేముందు ఐదు పరీక్షలు

1. సాయంత్రం కొనండి. పొద్దంతా నడిచిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పొద్దున సరిపోయింది సాయంత్రం కరుస్తుంది.

2. రెండు కాళ్లకూ వేసుకుని నాలుగడుగులు నడవండి. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండాలనేం లేదు. పెద్దదానికే కొనండి.

3. చెప్పును రెండు చేతులతో వంచండి. వేళ్ల దగ్గర వంగాలి. నడిమధ్యలో మడతపడితే వద్దు.

4. అడుగును బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. గోరు సులువుగా దిగితే ముల్లూ దిగుతుంది.

5. ధరను నెలలతో భాగించండి. 200 రూపాయల జత మూడు నెలలొస్తే నెలకు దాదాపు 67 రూపాయలు. 600 జత ఏడాదిన్నర వస్తే నెలకు 33. చవకైనదేదో అప్పుడు తెలుస్తుంది.

చక్కెర జబ్బు ఉంటే...

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు సుమారు 10 కోట్ల మంది. జబ్బు ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చెప్పు ఊడిపోయినా తెలియదు. వీళ్లకు హవాయి చెప్పులు పనికిరావు. ఎంసీఆర్ అనే మెత్తని రబ్బరు పొర, కింద గట్టి అడుగు, వెనక పట్టీ ఉన్నవి అడిగి తీసుకోవాలి. ఈ రబ్బరు చెప్పులకు మన పొరుగునే ఒక చరిత్ర ఉంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ బృందం స్పర్శ పోయిన కుష్టు రోగుల పాదాలను కాపాడటానికి ఇలాంటివి తయారుచేయించింది. రాత్రి పడుకునేముందు అరికాళ్లు చూసుకోవడం, చూపు ఆనకపోతే ఇంట్లో వాళ్లతో చూపించుకోవడం ఎంత మంచి చెప్పులున్నా మానకూడదు.

చీకటి పడితే లెక్క వేరు

2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి 58 వేలు. అందులో సగం మరణాలు జూన్-సెప్టెంబరు మధ్యే. మనకు శనక్కాయ విత్తి, కలుపు తీసే రోజులు అవే. ఎక్కువ కాట్లు పడేది కాళ్లకు. చేలో రక్తపింజర కదలకుండా పడుకుని ఉంటుంది. చెప్పు ఎంత మంచిదైనా మడమ పైన ఆపలేదు. బోరు దగ్గరికి రాత్రిపూట వెళ్లాల్సినవాళ్లు పిక్కలదాకా వచ్చే బూట్లు, చేతిలో టార్చిలైటు పెట్టుకోవాల్సిందే. పగటి ఎండలో ఆ బూట్లు ఉడికిస్తాయి, నిజమే. పగలు వద్దు, రాత్రికే వాడండి. కాటు పడితే కట్లు బిగించడం, గాటు పెట్టడం వద్దు. కాలు కదపకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో మాట. స్టార్టరు పెట్టె దగ్గర రబ్బరు చెప్పులు ఉన్నాయి కదా అని ధీమా పనికిరాదు. తడిసిన చెప్పు, తడి నేల కరెంటును ఆపవు.

ముల్లు లోతుగా దిగితే పైపైన లాగేసి ఊరుకోవద్దు. ముక్క లోపలే ఉండిపోతే చీము పడుతుంది. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ప్రభుత్వాసుపత్రిలో అడగండి.

ముందు ఎవరికి?

ఇంట్లో చెప్పులు కొనే వరస గమనించండి. బడికెళ్లే పిల్లలకు ముందు. బయట తిరిగే మగవాళ్లకు తర్వాత. కలుపుకీ, కాయ ఒలుపుకీ, గడ్డికీ చేలోకి వెళ్లే అమ్మకు చివర. ఆమెకు దొరికేది చాలాసార్లు ఎవరో వదిలేసిన హవాయే, లేదంటే పెళ్లికి వేసుకునే పల్చటి అట్ట చెప్పులు. ముళ్లలో ఎక్కువసేపు ఉండే కాళ్లు మాత్రం ఆమెవే. ఆడవాళ్లకని అమ్మే వరసలో గట్టి అడుగున్నవి కనిపించకపోతే మొహమాటపడకుండా మగవాళ్ల వరసలోంచి చిన్న సైజు తీసి వేసుకోమనండి. పూలూ పూసలూ లేవని ముల్లేం చిన్నబుచ్చుకోదు!

ఈ ముంగారుకు విత్తనాలకూ ఎరువులకూ డబ్బు సర్దేటప్పుడు ఆ చీటీలోనే ఇంకో గీత రాసుకోండి: వెనక పట్టీ ఉన్న గట్టి చెప్పులు, ఒక జత. పక్కన అమ్మ పాదం కొలత వేయండి.